ఎవరికి జవాబు చెప్పే కుర్చీ?

(పరిశోధక విద్యార్థులు, అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను ఆదివాసీని కాను. విశ్వవిద్యాలయాల్లో ఆదివాసీ నాయకత్వం గురించి మాట్లాడమని పిలిచినప్పుడు, ఇది చెప్పాల్సింది నేనేనా అని చాలాసేపు ఆలోచించాను. చివరికి ఎందుకు ఒప్పుకున్నానంటే, నేను ముప్పై ఏళ్లు సెలక్షన్ కమిటీల్లో, అకడమిక్ కౌన్సిళ్లలో కూర్చున్నాను. తలుపు లోపలివైపు నుంచి ఎలా మూసుకుంటుందో చూశాను. అది చెప్పడం నా పనే. బయట నిలబడితే ఎలా ఉంటుందో చెప్పగలిగినవాళ్లు నా తర్వాత ఇద్దరు మాట్లాడతారు. వెళ్లిపోకండి, వాళ్లను వినండి.

1876లో కెనడా ప్రభుత్వం ఇండియన్ యాక్ట్ అనే చట్టం చేసింది. అక్కడి ఆదివాసులను అప్పట్లో ఇండియన్లు అనేవాళ్లు. ఆ చట్టంలో ఒక నిబంధన ఉంది. యూనివర్సిటీ డిగ్రీ తెచ్చుకున్న ఆదివాసీ, లాయర్ అయిన ఆదివాసీ, చర్చిలో మతాచార్యుడైన ఆదివాసీ ఇక చట్టం లెక్కలో ఇండియన్ కాడు. అంటే తన తెగలో అతనికి చట్టం గుర్తించిన చోటు పోయినట్టే. చదువు పూర్తయిన రోజే తన వాళ్లకు పరాయివాడైపోతాడన్నమాట. కొన్నేళ్లకే ఇందులో బలవంతాన్ని సడలించారు. కానీ దాని వెనకున్న ఆలోచనను చూడండి: చదువుకున్నవాడు ఇటువైపు, ఆదివాసీ అటువైపు, ఒకే మనిషి రెండూ అయ్యే వీల్లేదు.

అలాంటి చట్టం ఇప్పుడు ఎక్కడా లేదు. ఆ ఆలోచన మాత్రం పోలేదు. "మీవాళ్లలో నువ్వు వేరయ్యా" అని ఒక ఆదివాసీ విద్యార్థిని మెచ్చుకునే ప్రొఫెసర్‌లో అదే ఉంది. తాను మంచిమాటే అన్నాననుకుంటాడాయన. పైకి రావాలంటే వెనక ఉన్నవాళ్లను వదిలేసి రావాలనే షరతు ఆ మెచ్చుకోలులో దాగి ఉంది.

అందుకే ఆదివాసీ నాయకత్వం అనగానే ఎంతమంది ఏ పదవిలో ఉన్నారన్న లెక్కతో మొదలుపెట్టను. లెక్క కావాలి, దాని దగ్గరికీ వస్తాను. ముందు నేను అడిగేది ఇది: ఆ కుర్చీలో కూర్చున్న మనిషి సాయంత్రం ఎవరికి జవాబు చెప్పాలి? పైనున్న ప్రభుత్వానికేనా, తను వచ్చిన జనానికి కూడానా?

అమెరికాలో నవాహో ప్రజలున్నారు. తమను తాము దినే అని పిలుచుకుంటారు. 1864లో సైన్యం వాళ్లను సొంత నేల నుంచి వందల మైళ్లు నడిపించి, తూర్పు న్యూ మెక్సికోలో నిర్బంధించింది. దారిలో, నిర్బంధంలో ఎందరో చనిపోయారు. 1868లో ఒప్పందం కుదిరి తిరిగొచ్చారు. ఆ ఒప్పందంలో చదువు గురించి కూడా ఒక షరతు ఉంది: ముప్పైమంది పిల్లలకు ఒక టీచర్‌ను ప్రభుత్వం ఇవ్వాలి. తర్వాత వచ్చినవి ఎలాంటి బడులో మీకు తెలిసే ఉంటుంది. పిల్లల జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే శిక్షించిన బోర్డింగ్ స్కూళ్లు అవి.

ఆ ఒప్పందానికి సరిగ్గా నూరేళ్లు నిండిన 1968లో నవాహో నేషన్ తన సొంత కాలేజీ పెట్టుకుంది. అమెరికాలో ఒక తెగ తానే పెట్టి, తానే నడిపిన మొదటి కాలేజీ అది. ఇప్పుడు దాని పేరు దినే కాలేజ్. ఆరిజోనాలోని సేలీలో ఉంది. దాని మొదటి అధ్యక్షుడు రాబర్ట్ రోసెల్ నవాహో కాదు. ఆ జనంతో ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన తెల్ల విద్యావేత్త. ఏడాది తిరిగేసరికి ఆయన ఆ పదవి నుంచి తప్పుకున్నారు. 1969లో నెడ్ హతాత్లీ అధ్యక్షుడయ్యారు. ఒక నవాహో ఆ పదవిలో కూర్చోవడం అదే మొదలు.

నాలాంటివాళ్లు ఆ ఒక్క ఏడాది కథను బాగా గుర్తుపెట్టుకోవాలి. ఆదివాసుల కోసం పనిచేసే ఆదివాసేతరులు మన దగ్గర చాలామంది ఉన్నారు. మనసున్నవాళ్లే, కష్టపడేవాళ్లే. కానీ వాళ్లలో చాలామంది "ఇంకా వాళ్లు సిద్ధంగా లేరు" అంటూ ఇరవై ఏళ్లు అదే కుర్చీలో ఉండిపోతారు. సిద్ధం చేయడం అంటూ జరిగితే ఇరవై ఏళ్లు ఎందుకు పట్టాలి?

దినే కాలేజ్ తర్వాత వరసగా మరికొన్ని తెగలు కాలేజీలు పెట్టుకున్నాయి. 1973లో ఆరు కాలేజీలు కలిసి ఒక సంఘం కట్టుకున్నాయి. వాటికి కేంద్రం డబ్బిచ్చేలా 1978లో చట్టం తెచ్చుకున్నాయి. ఈరోజు అలాంటివి ముప్పైకి పైగా ఉన్నాయి. చాలావరకు చిన్నవి, డబ్బు ఎప్పుడూ చాలనివి. కానీ ఏం చెప్పాలి, ఎవరు చెప్పాలి అన్నది వాళ్లే తేల్చుకుంటారు.

ఇప్పుడు న్యూజీలాండ్ సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, నాకు చాలా ఇష్టమైన కథ ఇది.

వెల్లింగ్టన్‌కు ఉత్తరాన ఓటాకి అని ఒక చిన్న పట్టణం ఉంది. మావోరీలు ఆ దేశపు ఆదివాసులు. ఆ ప్రాంతంలోని మూడు మావోరీ తెగలు 1970ల మధ్యలో తమ పరిస్థితి ఎలా ఉందో చూసుకున్నాయి. ముప్పై ఏళ్ల లోపు వాళ్లలో మావోరీ భాష మాట్లాడగలిగినవాళ్లు ఒక్కరూ లేరని తేలింది. ఒక్కరూ. పెద్దవాళ్లు పోతే ఆ మూడు తెగల్లో భాష కూడా పోయినట్టే. 1975లో వాళ్లు పాతికేళ్ల ప్రణాళిక వేసుకున్నారు. 2000 సంవత్సరానికి మన తరం ఎలా ఉండాలి అన్నదే ఆ ప్రణాళిక పేరు, ఊరు అన్నీ.

దాన్ని ముందుండి నడిపినవాళ్లలో ఫతారంగి వినియాటా ఒకరు. ఆయన ఏం ప్రొఫెసరో తెలుసా? అకౌంటెన్సీ. లెక్కలు రాసే మనిషి. తన జనానికి ఏం ఆస్తి ఉంది, ఏం అప్పు ఉంది అని చూసి, మనకున్న అసలు ఆస్తి మన మనుషులే అని తేల్చారు వాళ్లు. ఆ ప్రణాళికలో రాసుకున్న సూత్రాల్లో ఒకటి అదే. భాషను కాపాడుకోవాల్సిన నిధిగా చూడాలన్నది ఇంకొకటి.

1981లో ఆ మూడు తెగలూ కలిసి తే వానంగా ఓ రౌకావా అనే ఉన్నత విద్యాలయాన్ని పెట్టుకున్నాయి. ప్రభుత్వాన్ని అడిగి, అనుమతి వచ్చేదాకా ఆగి పెట్టింది కాదది. ప్రభుత్వ గుర్తింపు 1993లో వచ్చింది. ఆ మధ్య పన్నెండేళ్లు తమ జనం ఓపిక మీదే నడిపారు. అక్కడి చదువులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. విద్యార్థి ఏ సబ్జెక్టు తీసుకున్నా, దానితో పాటు తన భాషనూ, తన సొంత తెగ, సొంత వంశం చరిత్రనూ చదవాలి. ఆ రెండోదానికి లైబ్రరీ చాలదు. ఇంటికి వెళ్లాలి, పెద్దల దగ్గర కూర్చోవాలి, అడగాలి. ఆ కెనడా చట్టం గుర్తుందా? అక్కడ డిగ్రీ వస్తే తెగ పోతుంది. ఇక్కడ తెగ దగ్గరికి తిరిగి వెళ్లకపోతే డిగ్రీ రాదు.

గుర్తింపు వచ్చినా భవనాలకు డబ్బు రాలేదు. మిగతా విద్యాసంస్థలకు ఏళ్ల తరబడి కట్టించి ఇచ్చిన ప్రభుత్వం ఈ మావోరీ విద్యాలయాలకు ఇవ్వలేదు. ఇలాంటి మూడు వానంగాలు, అంటే మావోరీ విద్యాలయాలు, కలిసి వైటాంగి ట్రిబ్యునల్‌కు వెళ్లాయి. 1840లో మావోరీలతో కుదిరిన వైటాంగి ఒప్పందాన్ని ప్రభుత్వం ఎక్కడెక్కడ మీరిందో విచారించే సంస్థ అది. 1999లో ట్రిబ్యునల్ వాళ్ల వైపు మాట్లాడింది. నాయకత్వం అంటే ఇది కూడా. గుర్తింపు ఇచ్చారు కదా, ఇక చాలు అనుకోకుండా లెక్క తేల్చమని నిలదీయడం.

(సభలో ఎవరో అడిగిన ప్రశ్నకు) ఆ... అడుగుతున్నారు, "అవి చిన్న సమాజాలు, డబ్బున్న దేశాలు, ఇక్కడెలా కుదురుతుంది" అని. మంచి ప్రశ్న. ఇక్కడ కుదిరిన ఉదాహరణే ఒకటి చెప్తాను.

రామ్ దయాల్ ముండా. 1939లో రాంచీ దగ్గరి దియూరి గ్రామంలో పుట్టారు. ముండా తెగ. షికాగో విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చదివారు, తర్వాత మిన్నెసోటాలో పాఠాలు చెప్పారు. అక్కడే ఉండిపోవచ్చు. ఎనభైల మొదట్లో రాంచీ విశ్వవిద్యాలయంలో ఆదివాసీ, ప్రాంతీయ భాషల విభాగం కట్టడానికి తిరిగొచ్చారు. ఆ విభాగంలో తొమ్మిది భాషలు. ముండారి, సంతాలి, హో, ఖడియా, కురుఖ్ ఆదివాసీ భాషలు. నాగ్‌పురి, కుర్మాలి, ఖోర్ఠా, పంచపర్గనియా ఆ ప్రాంతంలో అందరూ కలిసి మాట్లాడుకునే భాషలు. ఒక్క తెగ భాషకు మాత్రమే చోటిచ్చి ఊరుకోలేదు చూడండి. పక్క పక్కనే బతికే భాషలను పక్క పక్కనే కూర్చోబెట్టారు.

తర్వాత అదే విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు. నగారా వాయించేవారు, వేణువు ఊదేవారు, అందరితో కలిసి ఆడేవారు. ఆటా పాటా జరిగే ఊరి మైదానాన్ని అక్కడ అఖ్‌డా అంటారు. ఆ అఖ్‌డాను ఆయన యూనివర్సిటీ ఆవరణలోకి తెచ్చారు. కొందరు దీన్ని కల్చరల్ ప్రోగ్రామ్ అనుకుంటారు. అఖ్‌డా అంటే ఊరు కలిసే చోటు. మంచీ చెడూ అక్కడే మాట్లాడుకుంటారు. "జే నాచీ సే బాంచీ" అనేవారాయన, ఆడేవాడే బతుకుతాడని. వైస్ చాన్సలర్ అయ్యాక కూడా ఊరు తనను ప్రశ్నించగల చోటును ఆఫీసు పక్కనే ఉంచుకున్నాడు ఆ మనిషి. నేను జవాబుదారీ అంటున్నది ఇదే.

ఇంకొక పేరు కూడా చెప్పాలి. 2020లో దుమ్కాలోని సిదో కాన్హూ ముర్ము విశ్వవిద్యాలయానికి సోనాఝరియా మింజ్ వైస్ చాన్సలర్ అయ్యారు. 1855 సంతాల్ తిరుగుబాటు నాయకులు సిదో, కాన్హూల పేరు మీదున్న విశ్వవిద్యాలయం అది. ఆమె ఓరాన్ తెగ నుంచి వచ్చిన కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్. సబ్జెక్టు ఎందుకు చెప్తున్నానంటే, ఆదివాసీ అధ్యాపకుడు అనగానే మనకు జానపదం, మానవశాస్త్రం గుర్తొస్తాయి. భౌతికశాస్త్రం డీన్ ఆదివాసీ అయితే ఆశ్చర్యపోతాం. ఆ ఆశ్చర్యం మనలో ఉన్న లోపం.

సరే, లెక్క దగ్గరికి వస్తానన్నాను.

మన దేశంలో షెడ్యూల్డ్ తెగల వాళ్లు 2011 జనాభా లెక్కల ప్రకారం 8.6 శాతం. పది కోట్ల పైమాట. కేంద్ర విద్యాసంస్థల ఉద్యోగాల్లో వాళ్లకు 7.5 శాతం రిజర్వేషన్. ఇది అందరికీ తెలిసిందే. ఆ 7.5 శాతం కాగితం మీద ఎలా కరిగిపోతుందో కూడా తెలియాలి.

పోస్టులకు రోస్టర్ అని ఒక వరస ఉంటుంది. నూటికి ఏడున్నర అంటే, లెక్కిస్తే పదమూడు పైచిలుకు పోస్టులకు ఒకటి. కాబట్టి వరసలో 14వ పోస్టు ఎస్టీలకు వస్తుంది. విశ్వవిద్యాలయం మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకుంటే వందల పోస్టులుంటాయి, వరస చాలాసార్లు 14 దాటుతుంది. అదే ఒక్కో విభాగాన్ని విడి యూనిట్‌గా తీసుకుంటే? ఏడుగురు, ఎనిమిదిమంది ఉండే విభాగంలో వరస 14 దాకా ఎప్పటికి చేరుతుంది? అలాంటి విభాగాలు ఎన్ని ఉన్నా, దేనికదే విడిగా లెక్కేస్తే ఎస్టీ పోస్టు రానే రాదు. ఎవరూ రిజర్వేషన్ తీసేయలేదు. లెక్కపెట్టే పద్ధతి మార్చారంతే.

2017లో అలహాబాద్ హైకోర్టు విభాగమే యూనిట్ అంది. 2018 మార్చిలో విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ ఆ మేరకు ఉత్తర్వు ఇచ్చింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. దేశమంతా అధ్యాపకులు, విద్యార్థులు రోడ్డెక్కారు. మార్చి 5న భారత్ బంద్. రెండు రోజులకే ఆర్డినెన్స్ వచ్చింది, ఆ జులైలో చట్టమైంది. మళ్లీ విశ్వవిద్యాలయమే యూనిట్ అయింది. ఆ పోరాటంలో మీలో కొందరు ఉండే ఉంటారు. మీకు చేతులెత్తి దండం పెడతాను.

ఇది నాయకత్వానికి ఎలా తగులుతుందో చూడండి. యూజీసీ 2018 నిబంధనల్లో వైస్ చాన్సలర్ కావాలంటే పదేళ్లు ప్రొఫెసర్‌గానో, పేరున్న పరిశోధన లేదా విద్యాపాలన సంస్థలోనో పనిచేసి ఉండాలన్నారు. ప్రొఫెసర్ కావాలంటే ముందు అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా లోపలికి రావాలి. ఆ 14వ పోస్టును ఖాళీగా ఉంచితే, తగిన అభ్యర్థి దొరకలేదని రాసి మళ్లీ నోటిఫికేషన్‌కు వాయిదా వేస్తే, ఇరవై ఐదేళ్ల తర్వాత సెర్చ్ కమిటీ ముందు ఆదివాసీ పేరు ఉండదు. అప్పుడు కమిటీ చాలా మర్యాదగా చెబుతుంది, అర్హులైనవాళ్లు రాలేదు అని. ఆ మాట అబద్ధం కాదు. పాతికేళ్ల క్రితమే దాన్ని నిజం చేసి పెట్టారు.

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పాలి. చెప్పడం కష్టంగానే ఉంది. నేను పనిచేసిన ఒక చోట ఒకే ఒక్క ఆదివాసీ అధ్యాపకుడు ఉండేవారు. అక్కడ ప్రతి కమిటీలో ఎస్టీ సభ్యుడు ఉండాలనేవాళ్లు. ఉన్నది ఆయనొక్కరే. అడ్మిషన్ల కమిటీ, హాస్టల్ కమిటీ, క్రమశిక్షణ కమిటీ, కొనుగోళ్ల కమిటీ, అన్నిట్లోనూ ఆయనే. దేనికీ అధ్యక్షుడు కాదు. సంతకం కావాలి, మాట అక్కర్లేదు. పైగా ఆదివాసీ విద్యార్థులకు ఏ కష్టం వచ్చినా, ఫీజు కట్టలేకపోయినా, ఇంటి మీద బెంగతో ఏడ్చినా, రాత్రి పదకొండింటికి ఆయన గది తలుపే తట్టేవాళ్లు. ఆయన ప్రమోషన్ ఇంటర్వ్యూలో బోర్డు అడిగింది, పరిశోధన పత్రాలు ఎందుకు తక్కువున్నాయని. ఆ బోర్డులో నేనూ ఉన్నాను. ఆయన టైమ్ అంతా ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. నేను నోరు విప్పలేదు. ఆయనకు ఆ ఏడు ప్రమోషన్ రాలేదు. ఒకే ఒక్కణ్ణి లోపలికి తెచ్చి, వందమంది పని నెత్తిన పెట్టి, చివరికి అతనే చాలడు అనడం మామూలైపోయింది. ఒక్కరితో నాయకత్వం రాదు. ఒక్కరితో అలసట వస్తుంది.

కెనడాలో క్రీ తెగకు చెందిన వెర్నా కర్క్‌నెస్ అనే విద్యావేత్త ఉన్నారు. ఆమె, రే బార్న్‌హార్ట్ కలిసి 1991లో రాసిన వ్యాసంలో నాలుగు విషయాలు చెప్పారు: గౌరవం, బతుక్కి పనికొచ్చే చదువు, ఇచ్చిపుచ్చుకోవడం, బాధ్యత. నేను మూడోదాని దగ్గర ఆగుతాను. విశ్వవిద్యాలయం ఆదివాసీకి ఇస్తుంది అనే అంటాం ఎప్పుడూ. తీసుకుంటుంది అని ఎప్పుడైనా అంటామా?

ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండీ లిపిలో ఉన్న పాత రాతప్రతులు బయటపడ్డాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం వాళ్లు వాటి మీద పనిచేశారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. గర్వపడాల్సిన పని. కానీ ఆ లిపిని ఇన్నాళ్లు కాపాడిందీ, చదివి చూపించిందీ ఆ ఊరి పెద్దలు. ఆ పెద్దల్లో ఒకరిని ప్రొఫెసర్‌గా తీసుకోగలమా? నెట్ పరీక్ష పాసయ్యారా, పీహెచ్‌డీ ఉందా అని అడుగుతాం. వాళ్ల దగ్గర నేర్చుకున్న మనకు పీహెచ్‌డీ వస్తుంది. నార్వే ఉత్తరాన కౌటొకెయినోలో 1989లో మొదలైన, అక్కడి ఆదివాసులైన సామీల విద్యాలయంలో పాలనా, పాఠాలూ ఎక్కువగా సామీ భాషలోనే నడుస్తాయి. దుఓజీ అనే వాళ్ల చేతిపనిని డిగ్రీ స్థాయిలో నేర్పుతారు. అర్హత అంటే ఏమిటో తేల్చే అధికారం చేతిలో ఉంటేనే అది జరుగుతుంది.

ఇంకో వైపు కూడా చూపించకపోతే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. కెనడాలోని రెజైనాలో 1976లో ఆదివాసీ ప్రజల సమాఖ్య ఒక కాలేజీ పెట్టింది. 2003లో అది ఫస్ట్ నేషన్స్ యూనివర్సిటీ ఆఫ్ కెనడా అయింది. దాని బోర్డులో ఎన్నికైన తెగల నాయకులు ఎక్కువ. రాజకీయాలు లోపలికొచ్చాయి, 2005లో పెద్ద గొడవైంది, అధ్యాపకుల స్వేచ్ఛ దెబ్బతింది. 2010లో రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలు రెండూ నిధులు ఆపేశాయి. మూతపడే పరిస్థితి. అప్పుడు కాపాడింది విద్యార్థులు, అధ్యాపకులు. భవనంలోనే కూర్చుని, బోర్డు మారాలి, యూనివర్సిటీ మాత్రం మూతపడకూడదు అని రెండూ కలిపి అడిగారు. బోర్డు మారింది, నిధులు తిరిగొచ్చాయి. ఇప్పటికీ నడుస్తోంది. జనానికి జవాబు చెప్పడం అంటే ఆ జనం పేరు చెప్పుకునే రాజకీయ నాయకుడికి తలవంచడమని అర్థం కాదు. ఈ తేడాను ఆదివాసీ విద్యార్థులే అందరికన్నా ముందు చూశారు.

మన దగ్గర ఇప్పుడు గిరిజన విశ్వవిద్యాలయాలు వస్తున్నాయి. అమర్‌కంటక్‌లో ఇందిరాగాంధీ జాతీయ గిరిజన విశ్వవిద్యాలయం 2007 చట్టంతో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కేంద్ర విశ్వవిద్యాలయాల చట్టానికి 2019లో చేసిన సవరణతో విజయనగరం జిల్లాకు వచ్చింది. ములుగులో సమ్మక్క సారక్క విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం తెలిపింది, 889 కోట్లకు పైగా కేటాయించారు. నాకు నిజంగా సంతోషం. ములుగు లాంటి చోట యూనివర్సిటీ అంటే అమ్మాయిలను దూరం పంపలేని ఇళ్లకు అది ఎంత పెద్ద విషయమో మీకు చెప్పక్కర్లేదు.

కానీ విజయనగరం, ములుగు విశ్వవిద్యాలయాలు రెండింటికీ వైస్ చాన్సలర్‌ను ఎంపిక చేసే దారి మిగతా కేంద్ర విశ్వవిద్యాలయాల దారే. అందులో గ్రామసభకు మాట లేదు. పంచాయతీ వ్యవస్థను ఆదివాసీ షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన 1996 పీసా చట్టం ప్రకారం, అలాంటి ప్రాంతంలో భూమి సేకరించాలంటే గ్రామసభనో పంచాయతీనో ముందు సంప్రదించాలి. భూమి గురించి అడగాలి అని ఒప్పుకున్నాం. ఆ భూమి మీద లేచే గోడల మధ్య ఏం చెప్పాలి, ఏ భాషలో చెప్పాలి అన్నది అడగాలని ఇంకా ఒప్పుకోలేదు. కోయ, గోండీ, సవర, కువి మాట్లాడే పెద్దలకు అకడమిక్ కౌన్సిల్‌లో ఓటుతో కూడిన చోటు ఎందుకు ఉండకూడదు? ఆహ్వానితులుగా, శాలువా కప్పించుకుని వెళ్లే అతిథులుగా కాదు. సిలబస్‌ను ఆపగలిగిన సభ్యులుగా.

ఇక ఆపుతాను, టైమ్ అయిందని సైగ చేస్తున్నారు. ఒక పని మాత్రం అడుగుతాను. సోమవారం మీ మీ చోట రోస్టర్ రిజిస్టర్ చూపించమని అడగండి. చూపించనంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. 14వ గడిలో, 28వ గడిలో ఎవరి పేరు ఉందో చూడండి. ఖాళీ ఉంటే ఎన్నేళ్లుగా ఖాళీయో రాసుకుని, వచ్చే సమావేశానికి ఆ కాగితాలు తీసుకురండి. నావి నేను తెస్తాను. ప్రశ్నలుంటే అడగండి. ముందు ఆ చివర కూర్చున్న అమ్మాయికి మైక్ ఇవ్వండి, ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తే ఉంచింది.